ఎర్ర దారం కట్టిన గిన్నె

గుప్పెడు ఎండు నెత్తళ్ళు. గురువారం పొద్దున పక్కింటి వంటగదిలో వసుమతి కళ్ళారా చూసినవి అవే.

పక్కింటి కొరియా పెద్దావిడ సూన్‌జా దగ్గర బుగాక్ చెయ్యడం నేర్చుకుందామని ఆ రోజు ఎంతో ఇష్టంగా వెళ్ళింది. కాగితంలా పల్చగా ఉండే సముద్రపు నాచుకీ, ఆకులకీ, తామరదుంప చక్రాలకీ జిగురు బియ్యం జావ పూసి, ఎండబెట్టి, నూనెలో వేయిస్తే అవి కరకరలాడే బుగాక్ అవుతాయి. మన వడియాలకి దూరపు చుట్టాలు. జావ కోసం పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలోకి సూన్‌జా ఏదో డబ్బా మూత తీసి వంచింది. వెండి రంగు చేపపిల్లలు జలజలా రాలాయి.

"ఇంట్లో స్టవ్ ఆపడం మర్చిపోయాను" అని అబద్ధమాడి వసుమతి బయటపడింది.

ఆ బుగాక్ లేకపోతే అత్తగారు రాజేశ్వరమ్మ అన్నం తినదు. డిసెంబరులో మామగారు వీరభద్రం పోయిన దగ్గర్నుంచీ ఆవిడకి తిండి సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి చెయ్యి కడిగేసుకునేది. గుమ్మం దాటి బయట అడుగు పెట్టింది లేదు. మార్చి నాటికి పద్దెనిమిది పౌండ్లు తగ్గింది. ఇలాగే ఉంటే ట్యూబ్ వెయ్యక తప్పదని డాక్టర్ చెప్పిన వారంలోనే సూన్‌జా ఒక డబ్బా పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏ పొట్లం కొన్నా వెనక ఉన్న అక్షరమల్లా చదివితే గాని బుట్టలో వెయ్యని మనిషి వసుమతి. "వెజిటేరియన్?" అని అడిగింది. "ఎస్, ఎస్, వెజిటబుల్" అంది సూన్‌జా. ఆ మధ్యాహ్నం రాజేశ్వరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇంకాస్త పెరుగన్నం కలుపు" అంది. అప్పట్నుంచీ ఆరు నెలలుగా నంజుకోవడానికి అదే.

పుట్టి బుద్ధెరిగాక నీచు వాసన కూడా సోకనివ్వని మనిషికి తన చేత్తో తనే వడ్డించింది.

శుక్రవారం పొద్దున, మిగిలిన బుగాక్‌ని డబ్బాతో సహా తీసుకెళ్ళి సూన్‌జా గుమ్మం ముందు పెట్టింది వసుమతి. మూత మీద పసుపు చీటీ అంటించింది. 'థాంక్యూ. మేము ఇవి తినము' అని ఇంగ్లీషులో రాసింది. బెల్ నొక్కలేదు.

ఇక శనివారం.

"చెప్పకు" అన్నాడు భర్త రాధాకృష్ణ, ఓక్ ట్రీ రోడ్ ఇండియన్ కొట్ల నుంచి తెచ్చిన సంచులు కార్ డిక్కీలోంచి దింపుతూ. "చెప్పి సాధించేదేముంది? తిన్నదేదో తినేసింది. అయిపోయాయని చెప్పి అప్పడాలు వేయించు."

"అడిగితే?"

"అమ్మ అడగదు."

"నా భయం కూడా అదే" అంది వసుమతి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి రాజేశ్వరమ్మ కంచం ముందు కూర్చుంది. ఎదురుగా మనవరాలు అవని ల్యాప్‌టాప్ పక్కకి నెట్టి, పప్పన్నం స్పూన్‌తో తింటోంది. యూనివర్సిటీలో చదువుతున్న ఈ పిల్ల శనివారం వస్తుంది, ఆదివారం ఉతికిన బట్టలతో వెళ్తుంది. పెరుగన్నం దాకా వచ్చాక రాజేశ్వరమ్మ కంచం అంచు వైపు చూసింది.

"ఆ నల్ల ఆకేదీ?"

"అయిపోయిందత్తయ్యా. మినప్పిండి అప్పడం వేయించాను. వేడిగా ఉంది."

ఆవిడ అప్పడం చివర విరిచి నోట్లో వేసుకుంది. రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బుధవారం నేనే కదుటే మూత పెట్టాను? సగం డబ్బా ఉండాలి."

అవని స్పూన్ ఆపి తల్లి వైపు చూసింది. సింక్ దగ్గర పంపు చుక్క చుక్కగా కారుతోంది. దాన్ని బిగించి వచ్చి, వసుమతి అత్తగారి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పగల మాట కాదది.

"అత్తయ్యా, వాళ్ళు ఆ జావ కాచే నీళ్ళలో ఎండు చేపలు వేస్తారు. గురువారం చూశాను. ముందు నాకు తెలీదు. అడిగాను కూడా, కూరగాయలేనని చెప్పింది. అయినా అడిగి ఊరుకోకూడదు, వెళ్ళి చూడాల్సింది. తప్పు నాది."

రాజేశ్వరమ్మ తన కుడి చేతి వైపు చూసుకుంది. చేతిలోని ముద్ద మెల్లగా కంచంలో దింపింది.

"నానమ్మా, యూ ఓకే?" అంది అవని.

ఆవిడ లేచి సింక్ దగ్గరికి నడిచింది. చెయ్యి కడుక్కుని, మూడుసార్లు పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుంది. నాలుగు మెతుకుల రోజులు మళ్ళీ మొదలవుతాయి. ఆరు నెలల్లో ఒక్కో పౌండే కూడిన బరువంతా ఈ ఒక్క మాటతో పోగొట్టానా అనుకుంది వసుమతి.

"నా చెప్పులెక్కడ?" అంది రాజేశ్వరమ్మ.

"ఏంటత్తయ్యా?"

"చెప్పులే. బయటికేసుకునేవి."

డిసెంబరు నుంచి వాటి అవసరం పడలేదు. అవని క్లోజెట్‌లో మంచు బూట్ల కింద వెతికి తెచ్చింది. పట్టీ మీద దుమ్ము తన టీషర్ట్‌తోనే తుడిచి, నేల మీద కూర్చుని నానమ్మ కాళ్ళకి తొడిగింది.

"అత్తయ్యా, ఆవిడ కావాలని చెయ్యలేదేమో. ఒక్క మాట..."

"నేనేమన్నాననే? పదండి."

రెండు ఇళ్ళకీ గోడ ఒకటే. తలుపు నుంచి తలుపుకి ఇరవై అడుగులుంటాయేమో. రాజేశ్వరమ్మ అవని భుజం మీద చెయ్యేసి మధ్యలో ఒకసారి ఆగింది. సెప్టెంబరు ఎండ మొహం మీద పడితే కళ్ళు చికిలించి, ఆకాశం ఎప్పుడు ఇంత నీలంగా అయిందన్నట్టు చూసి, మళ్ళీ నడిచింది.

సూన్‌జా తలుపు తీసింది. ముందు వసుమతిని చూసింది, మొహం ముడుచుకుంది. వెనక రాజేశ్వరమ్మని చూడగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నడుము దాకా వంగి, కుర్చీ తెచ్చి, దాని మీద దిండు వేసి, ఆ దిండు సర్ది, మళ్ళీ సర్దింది.

వంటింటి బల్ల మీద వసుమతి వదిలి వెళ్ళిన డబ్బా మూత తియ్యకుండానే ఉంది. పసుపు చీటీ కూడా అలాగే ఉంది. పక్కన కళ్ళజోడు, తెరిచి బోర్లించిన పాత నిఘంటువు. రెండు వాక్యాల చీటీ. ఆ రెండు వాక్యాల వెనక ఇంకేం ఉందోనని ఆవిడ ఎంతసేపు వెతుక్కుందో.

అవనికి కొరియన్ వచ్చు. హైస్కూల్లో కొరియన్ డ్రామాల పిచ్చితో మొదలై, యూనివర్సిటీలో రెండు సెమిస్టర్ల క్లాస్ దాకా వెళ్ళింది. డబ్బు దండగని వసుమతి అప్పట్లో దెబ్బలాడింది కూడా. ఇప్పుడు సూన్‌జా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా ఏదో అడిగింది.

"అమ్మా, హల్మొనీ అడుగుతోంది." ఆ భాషలో నానమ్మని అలాగే అంటారు. "తను ఏం తప్పు చేసింది అని."

వసుమతి చెవులు వేడెక్కాయి. "చేపల సంగతి అడుగు."

అవని అడిగింది. సూన్‌జా విని, ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, "ఆ... ఆ!" అంటూ కింది అలమర తెరిచింది. ఒకేలాంటి రెండు స్టీలు గిన్నెలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాని పిడికి ఎర్ర దారం చుట్టి ముడి వేసి ఉంది.

"దిస్, మై సన్" అంది దారం లేని గిన్నె తట్టి. ఎర్ర దారం గిన్నెని రెండు చేతులతో ఎత్తి రాజేశ్వరమ్మ ముందుకి జరిపింది. మిగతాదంతా అవనికి చెప్పింది.

"నానమ్మది సెపరేట్ గిన్నె అంట. ఇందులో ఫిష్ ఎప్పుడూ వెయ్యలేదంట. ఎండబెట్టిన మష్రూమ్, ఇంకా ఏదో వైడ్‌గా ఉండే సీవీడ్, అంతే అంట. ఆనియన్, గార్లిక్ కూడా నో. వాళ్ళ అక్క బుద్ధిస్ట్ నన్ అంట, టెంపుల్లో అలాగే వండుతారంట. బ్రష్ వేరే, ట్రే వేరే. థర్స్‌డే నువ్వు చూసింది వాళ్ళబ్బాయి కోసం. అమ్మా, నువ్వు ఎందుకు అడగలేదు?"

అడగడానికి ఎంతసేపు పట్టేది? వేలు పెట్టి గిన్నె చూపిస్తే సరిపోయేది. వసుమతి ముందుకి వంగి ఆ పసుపు చీటీ పీకి, గుప్పిట్లో నలిపింది. "సారీ" అంది. ఏ భాషలో చూసినా ఆ మాట చిన్నదే. సూన్‌జా ఆమె గుప్పిట మీద తట్టి, ఆ ఉండ తీసుకుని చెత్తబుట్టలో వేసింది.

రాజేశ్వరమ్మకి మాత్రం అవని అనువాదం అక్కర్లేకపోయింది. ఆ ఎర్ర దారాన్నే చూస్తోంది. వేలి కొసతో ముడి తాకింది.

"మడి గిన్నె" అంది నెమ్మదిగా. ఆ తర్వాత తలెత్తింది. "ఇదంతా ఆవిడకెవరు చెప్పారు? ఉల్లీ వెల్లుల్లీ సంగతి నువ్వు చెప్పావా వసూ?"

చెప్పలేదు. గుమ్మంలో అడిగిన ఆ ఒక్క ప్రశ్నే.

అవని అడిగితే సూన్‌జా తామరదుంపలు కోసి కోసి నల్లబడ్డ చూపుడు వేలు పైకెత్తింది. "ఫస్ట్ టైమ్" అంది. "ఓన్లీ వన్." ఆ మీదట చెప్పింది అవనికే, రాజేశ్వరమ్మ వైపు చూస్తూ. అవని తెలుగు మధ్యమధ్య తడబడింది.

"తాతయ్య... మెయిల్‌బాక్స్‌ల దగ్గర బెంచి ఉంది కదా, అక్కడ రోజూ ఇద్దరూ కూర్చునేవారంట. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టుకుని."

టపా తేవడానికి వెళ్ళి మామగారు గంటసేపు రాకపోవడం వసుమతికి గుర్తొచ్చింది. కాళ్ళ నొప్పులని తనే అనుకుంది.

"లాస్ట్ సమ్మర్ హల్మొనీ తాతయ్యకి ఒక ప్యాకెట్ ఇచ్చిందంట. అది ఫిష్ గిన్నెలోదే. నెక్స్ట్ డే తాతయ్య వచ్చి, మా ఆవిడకి చాలా నచ్చింది, ఎలా చేస్తారు అని అడిగారంట. హల్మొనీ చెప్పింది. తర్వాత, ఇంకో గిన్నె పెట్టగలరా, ప్లీజ్, అన్నారంట. ఏం వెయ్యకూడదో కూడా ఆయనే లిస్ట్ చెప్పారంట."

"చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు" అంది రాజేశ్వరమ్మ, ఎవరితోనూ కాకుండా. "రుచి చూడు, అన్నారు. బావుంది, మళ్ళీ తెండి అంటే, అయిపోయాయి అన్నారు." కోడలి వైపు తిరిగింది. "ఇందాక నువ్వూ అదే మాట అన్నావు."

వసుమతి తల వంచుకుంది.

"ఆయనకి తెలుసన్నమాట. తెలిసి కూడా చెప్పలేదు."

ఆ గొంతులో కోపం ఉందో, లేదో. ఆవిడ బల్ల పట్టుకుని లేచి పెరటి చెక్క డెక్ వైపు నడిచింది. అక్కడ ఎండలో వెదురు తట్టలు వరసగా ఉన్నాయి. నువ్వులు చల్లిన నల్లటి ఆకుల మీద తెల్లటి జావ అద్దంలా మారుతోంది. ఒక తట్టలో అంచులు అప్పుడప్పుడే పైకి లేస్తున్నాయి. రాజేశ్వరమ్మ వంగి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆపింది.

"ఇది ఏ గిన్నెదో అడుగు."

అవని నోరు తెరిచేలోగానే సూన్‌జా తట్ట మూల చూపించింది. అక్కడా ఎర్ర దారం.

అప్పుడు రాజేశ్వరమ్మ బొటనవేలితో ఒక ఆకు నడుమ నొక్కి చూసింది. అరవై ఏళ్ళు వడియాలు పెట్టిన వేలు అది. "ఇప్పుడే తిరగెయ్యాలి. ఇంకో పావుగంట ఆగితే వంకర పోతాయి" అంది తెలుగులో. సూన్‌జా తన భాషలో ఏదో అంటూ అదే ఆకు రెండో అంచు పట్టుకుంది. ఆకు చిరక్కుండా ఇద్దరూ కలిసి తిరగేశారు. ఆ తర్వాత రెండోది. మూడోది. ఇద్దరిలో ఎవరి చెయ్యీ తొందరపడలేదు, ఎవరి చెయ్యీ ఆలస్యం కాలేదు. వసుమతి కుర్చీలు రెండూ డెక్ మీదకి తెచ్చి వేసింది గాని ఎవరూ కూర్చోలేదు.

తట్ట సగమయ్యాక రాజేశ్వరమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"తెలీక తిన్న ఒక్క పొట్లం నన్నేం చేస్తుందే? మంత్రం తప్పు చదివినా మళ్ళీ మొదలెట్టే మనిషి ఆయన. ఇది కడుపులో పెట్టుకుని ఎన్నాళ్ళు తిరిగారో. నాకు చెబితే నేను బాధపడతానని... ఆ బాధంతా ఆయన పడ్డారు."

"నాన్న కూడా నీకు చెప్పొద్దనే అమ్మతో అన్నారు నానమ్మా" అంది అవని.

"తండ్రీ కొడుకూ ఒకటే అచ్చు." ఆవిడ పెదవుల చివర నవ్వు లాంటిదేదో కదిలింది. చేతికంటిన నువ్వులు దులుపుకుని నడుం నిటారుగా పెట్టింది. "వసూ, ఆకలేస్తోందే. ఇందాక అన్నం వదిలేసి వచ్చాను."

వసుమతి ఇంటికి పరుగెత్తింది. ఏళ్ళయింది అలా పరుగెత్తి. అత్తగారి స్టీలు గిన్నెలోనే అన్నం వేసి, పెరుగు, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా కలిపి తెచ్చేసరికి సూన్‌జా మూకుడులో కొత్త నూనె పోసి కాచింది. ఎండిన ఆకు వేస్తే ఒక్క క్షణంలో జావంతా తెల్లగా పొంగి, మల్లెపూలు అతికించినట్టయింది. వెంటనే తీసేసింది. మరో క్షణం ఉంచితే చేదు.

పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ఆలోచించి పుచ్చుకునే రాజేశ్వరమ్మ, సూన్‌జా బల్ల దగ్గర కూర్చుని గిన్నెలోదంతా తిన్నది. ఒక్కో ముద్దకీ కరకరమని చప్పుడు. మధ్యలో ఒకసారి, "కాస్త కారం తగిలితే ఇంకా బావుణ్ణు" అంది. అవని అది కూడా అనువదించింది. సూన్‌జా నవ్వుతూ, ఎండబెట్టిన మిరపకాయల సంచీ ఒకటి తెచ్చి చూపించింది. దానికీ ఎర్ర దారమే.

గిన్నె ఖాళీ అయ్యాక, చెయ్యి కడిగాక, సూన్‌జా లోపలి గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఒక కవరు ఉంది. వసుమతికి ఇవ్వలేదు, అవనికీ ఇవ్వలేదు. రాజేశ్వరమ్మ ముందు నిలబడి రెండు చేతులతో అందించింది.

"తాతయ్య నవంబర్‌లో ఇచ్చారంట" అంది అవని. "నానమ్మ తన కాళ్ళ మీద తను నడిచి ఈ ఇంటికి వచ్చిన రోజునే ఇవ్వాలి, ముందు ఇవ్వకూడదు అని ప్రామిస్ తీసుకున్నారంట. అందుకే బుగాక్ తెచ్చిన ప్రతిసారీ మన డోర్‌లోంచి లోపలికి చూసేదంట. నానమ్మ వస్తుందేమో అని."

నిజమే, చూసేది. డబ్బా ఇస్తూ ఇస్తూ తన భుజం మీంచి ఇంట్లోకి చూసేది. పక్కింటి వాళ్ళ సంగతులు ఆరా తీస్తోందనుకుని తనే తలుపు మరికాస్త దగ్గరికి వేసేది. వసుమతికి ఎటు చూడాలో తెలియలేదు.

కవరు మీద నల్ల పెన్నుతో కుడివైపుకి వాలిన అక్షరాలు. 'రాజేశ్వరికి.' యాభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఆ పేరు పెట్టి పిలవగా ఇంట్లో ఎవరూ వినలేదు. రాజేశ్వరమ్మ ఆ పేరు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. కింద చిన్న అక్షరాలతో మరో వరస ఉంటే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, కనబడక వసుమతికి ఇచ్చింది.

"ఏముంది?"

"చదివేది వసుమతి. మధ్యలో ఆపకూడదు" అని చదివింది వసుమతి.

"మరింకేం, చదువు."

వసుమతి కవరు అంచు జాగ్రత్తగా చింపింది. రూళ్ళ కాగితం, రెండు వైపులా నిండా రాసి ఉంది.

"ఏమేవ్, ఆ నల్ల ఆకు సంగతి నీకు చెప్పలేకపోయాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. నేను నీకు చెప్పనిది అదొక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. రెండోది నీకూ వసుమతికీ మధ్య సంగతి. పదకొండేళ్ళుగా ఆ పిల్ల మీద నీ మనసులో ఒక ముల్లు ఉంది. అది నేను గుచ్చిన ముల్లు. ఆ రోజు నిజంగా ఏం జరిగిందంటే..."

వసుమతి కళ్ళు తర్వాతి వరస మీదికి వెళ్ళాయి. చదవడం ఆపేసింది. అవని తల్లి మొహంలోకి చూసింది. సూన్‌జాకి భాష తెలియకపోయినా పొయ్యి ఆపేసి నిలబడింది.

రాజేశ్వరమ్మ చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా నువ్వుల వాసన వేస్తోంది.

"మధ్యలో ఆపకూడదని రాశారు కదుటే" అంది.